చెదల మందకు తొమ్మిది వేడి ముద్రలు

మొదటి రోజు. 11, మంగళవారం

నా మందను దొంగమంద అన్నారు. నోటితో అని ఊరుకుంటే నేనూ నోటితోనే బదులు చెప్పి ఊరుకునేదాన్ని. కాగితం మీద రాసి క్యాంటీను ముందు బోర్డుకు అంటించారు: "మూడో మందలోని 612 చెదలు తెల్లగీత దాటి అవతలి రాయిని దొంగతనంగా తింటున్నందున, కాపరి సుంకులమ్మకు వాటిని అదుపులో పెట్టడం చేతకానందున, ఈ నెల 20వ తేదీ ఉదయం పది గంటలకు మందను కొలిమిలో కరిగించడమవుతుంది." కింద డైరెక్టరు చక్రపాణి గారి సంతకం. సంతకం కింద ఆయనే గీసుకున్న పువ్వు.

ఈ రాత సముద్రం మీద తేలుతున్న మీ పై ఆఫీసుకు. మీలో ఒక్కరూ తోడేలుగుట్టకు వచ్చిన పాపాన పోలేదు కనుక కొంచెం వివరంగా చెప్పాలి.

మా గనిలోకి మనిషి దిగి అరవై ఏళ్లయింది. కింద అంత వేడి. చింతకాయంత ఇనప చెదలు దిగుతాయి. పొద్దున ఆరింటికి వాటిని నెర్రలోకి వదులుతాను. అవి రాయి కొరికి, రుచి చూసి, బంగారం తగిలిన చోట నోటినిండా కరుచుకుని, సాయంత్రం నాలుగింటికి పైకొచ్చి కక్కుతాయి. వాటికి చెవుల్లేవు, కాళ్లతోనే వింటాయి. అందుకని గడ్డపారతో బండ మీద మూడు దెబ్బలు కొడతాను. ఆ అదురు ఎక్కడి నుంచి వస్తే అక్కడికి వస్తాయి. మరునాడు కూడా ఆ చుట్టుపక్కలే మేస్తాయి. రాగానే ఒక్కొక్కదాన్నీ కడిగి, పళ్లు తోమి, నూనె పెట్టి, పెట్టెలో సర్దాలి. ఎనిమిదేళ్లుగా ఇదే నా పని. ఏడో నంబరు చెదకు ముందుకాలు విరిగితే నా పిన్నీసు పెట్టి అతికించాను. ఇప్పటికీ ఆ పిన్నీసు మీదే కుంటుకుంటూ వస్తుంది. అందరికంటే ఆఖర్న వచ్చినా నోరు మాత్రం నిండా ఉంటుంది. దాన్ని దొంగ అన్నారు.

ఫిర్యాదు చేద్దామంటే మీ ముప్పై ఒకటో నిబంధన అడ్డం వచ్చింది. ఆవేశంలో రాసింది చెల్లదట. తొమ్మిది రోజులు వరసగా రాయాలి. రోజూ ఐదింటికి ఆఫీసులో చల్లార్పు కిటికీ దగ్గర గుమాస్తాకు ముఖం చూపించాలి. కోపం అలాగే ఉంటే 'వేడి' అని ఎర్ర ముద్ర. తగ్గితే 'చల్లారింది' అని నీలి ముద్ర, ఫిర్యాదు గంగలో కలిసినట్టే. నవ్వితే చల్లారినట్టు లెక్క. తొమ్మిదీ ఎర్రవే పడితే, మీరు జవాబు ఇచ్చేదాకా నా మంద జోలికి ఎవరూ రాకూడదు.

ఎవరు పెట్టారో గానీ ఈ నిబంధన, వాళ్లకు నా సంగతి తెలియదు.

గుమాస్తా మద్దిలేటి గారు కిటికీలోంచి గ్లాసు తోశాడు.

"మజ్జిగ తాగమ్మీ. అల్లం దంచి ఏసినా."

"వద్దు చిన్నాయనా. కోపం దిగుతాది."

"దిగాలనే గదా ఇస్తాండేది. నా ఉద్యోగమే అది."

తాగలేదు. ఎర్ర ముద్ర.

రెండో రోజు. 12, బుధవారం

ఉదయం 612 వదిలాను. సాయంత్రం 612 వచ్చాయి. దొంగలు ఇంటికి ఇంత బుద్ధిగా తిరిగి వస్తారా?

అవి గీత ఎందుకు దాటుతున్నాయో డైరెక్టరు గారికి చెప్పడానికి వెళ్లాను.

నేను బడికి పోయింది ఐదో తరగతి దాకా. భూమి గురించి నాకు తెలిసినదంతా క్యాంటీనులో బజ్జీలు వేసే హుసేనమ్మ కట్టే పొట్లాల్లోంచి వచ్చింది. మూతపడ్డ సర్వే ఆఫీసు నుంచి ఆమె ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుంది. రోజుకో పేజీ చించి పొట్లం కడుతుంది. నేను బజ్జీ తిని పేజీ చదువుతాను. మొదట 214 వచ్చింది, తర్వాత 9, ఆ తర్వాత 140. వరస లేదు కానీ విషయం వంటబట్టింది. ఒక్క 88వ పేజీ దగ్గరే దెబ్బయిపోయింది. నేల పగిలి జరిగేది మూడు రకాలని ఉంది అందులో. మొదటిది, ఒక పక్క కిందికి దిగిపోవడం. రెండోది, ఒక పక్క రెండోదాని మీదికి ఎక్కడం. మూడోది ఉన్న చోట మిరపకాయ బజ్జీ కూర్చుంది. నూనె తప్ప ఏమీ కనిపించదు.

సరే, తెలిసినంత చెప్పాను. పుస్తకంలో భ్రంశం అని రాసినదాన్ని మేము నెర్ర అంటాం. మా పెద్దనెర్ర మామూలు పగులు కాదు. దానికి పడమట తెల్లబండ, తూర్పున నల్లరాయి, రెండూ వేరువేరు కాలాల్లో పుట్టిన నేలలు. ఇద్దరు మేస్త్రీలు చెరోవైపు నుంచి గోడ కట్టుకుంటూ వస్తే కలిసే చోట ఒక సందు మిగులుతుంది చూడండి, అదీ పెద్దనెర్ర. ముప్పై కిలోమీటర్ల లోతుకు, నేల పెంకు అడుగు దాకా పోయింది. పడమటి పెంకు మందం, తూర్పుది పలచన. అడుగున ఉడికే నీళ్లు రాళ్లలోని బంగారాన్ని కరిగించుకుని ఆ సందులోంచి పైకి ఎగబాకుతాయి.

"అదే నేనూ చెప్పేది," అన్నారు డైరెక్టరు గారు చక్రాల కుర్చీలో వెనక్కి వాలి. "అందుకే పెద్దనెర్ర చుట్టూ తెల్లగీత గీయించాను. పెద్ద నెర్రలో పెద్ద బంగారం, చిన్న నెర్రలో చిన్న బంగారం. ఈమాత్రం చిన్నపిల్లలకు కూడా తెలుసమ్మాయ్."

"చిన్నపిల్లలకే తెలుసు సార్. పెద్ద కాలవలో ఒండ్రు నిలుస్తుందా? నీళ్లు జోరుగా పోయేచోట ఏదీ నిలవదు. పిల్లకాలవ వంపు తిరిగే చోట నిలుస్తుంది. కుక్కరు చూడండి. విజిలు పోయినప్పుడు పప్పునురగ వచ్చి మూత మీద తెల్లగా ఎండిపోతుంది. నేల అదిరినప్పుడల్లా పక్కనున్న పిల్లనెర్రలో అలాగే విజిలు పోయింది. ఒత్తిడి పడిపోగానే నీళ్లు మోసుకొచ్చిన తెల్లరాయి, బంగారం గోడకు అంటుకుపోయాయి. నా చెదలు ఆ రుచి మరిగాయి."

"అయితే ఆ పిల్లనెర్ర ఎక్కడుందో?"

"మీ కుర్చీ కింద సార్."

ఆయన కిందికి చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"నీ చదువెంత?"

"ఐదో తరగతి, రెండు వందల బజ్జీలు."

బయటికి పొమ్మన్నారు. ఎర్ర ముద్ర. మద్దిలేటి గారు మజ్జిగ మళ్లీ లోపలికి లాక్కున్నాడు.

మూడో రోజు. 13, గురువారం

డైరెక్టరు గారు ఒక ఆలోచన చేశారు. ఈ గనిలో ఏ ఉపద్రవమైనా ఈ వాక్యంతోనే మొదలవుతుంది.

"చెదలు మా ఆఫీసు కిందికే పోతున్నాయి కదా? అయితే ఆఫీసు దగ్గరే నిలబడి పిలవండి. అన్నీ బయటికి వచ్చేస్తాయి. ఇకనుంచి మూడు మందలనూ ఆఫీసు వరండాలో నిలబడే పిలవాలి. ఇంకెక్కడ గడ్డపార మోగినా ఆ కాపరికి ఉద్యోగం ఉండదు."

"సార్, ఎక్కడ పిలిస్తే రేపు అక్కడే మేస్తాయి. నావి ఆరువందలు ఉన్న చోటికి మిగతా పన్నెండు వందలూ వస్తాయి."

"ఆర్డరు ఇచ్చేశానమ్మాయ్."

నాలుగింటికి ముగ్గురు కాపరులం వరండా రాళ్ల మీద గడ్డపారలు మోగించాం. పద్దెనిమిది వందల చిల్లర చెదలు మెట్ల సందుల్లోంచి, పూలకుండీల్లోంచి, డైరెక్టరు గారి చెప్పుల స్టాండు కింద నుంచి బిలబిలమంటూ వచ్చాయి. ఆయన చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

ఎర్ర ముద్ర.

నాలుగో రోజు. 14, శుక్రవారం

అనుకున్నంతా అయింది. పొద్దున పెద్దనెర్రలోకి వదిలితే మూడు మందలూ ఒక్క చెద తేడా లేకుండా మళ్లుకుని ఆఫీసు కిందికి పోయాయి.

మధ్యాహ్నం డైరెక్టరు గారు పిలిపించారు. ఆయన లేచి ఫైలు తీసుకునేలోగా చక్రాల కుర్చీ తనంతట తానే కిటికీ వైపు బయల్దేరుతోందట. నా కళ్ల ముందే మళ్లీ బయల్దేరితే, బల్ల దగ్గర నుంచి కిటికీకి చేరేలోగా నలభై అంకెలు లెక్కపెట్టాను. మెల్లగా, పెద్దమనిషి తరహాగా పోయింది.

"చక్రాలకు నూనె ఎవరు పెట్టారు?" అని అరిచారు. నూనె సీసా ఉండేది నా దగ్గరే కాబట్టి ఆ నేరం కూడా నా మీదే రాశారు.

వరండాలో చెదలు కక్కిన తెల్లరాళ్లన్నీ గీత బయటివి. గీత బయటిది బంగారంగా లెక్కలోకి రాదు, చెత్త. ఊడ్చేవాళ్లు ఎత్తి క్యాంటీను వెనక పోస్తున్నారు. హుసేనమ్మ ఆ రాళ్లు తెచ్చి కొత్త పొయ్యి కట్టుకుంది.

"పొయ్యి చూడు పాపా, మంట పెడితే నక్షత్రాలు మెరిసినట్టు మెరుస్తాది," అంది.

వంగి చూశాను. తెల్లరాయి నిండా పసుపు గింజలు. మా గని మొత్తం ఏడాదికి చూడనంత బంగారం మీద ఆ తల్లి అరటికాయ బజ్జీలు వేయిస్తోంది.

"అవ్వా, ఈ పొయ్యి ఎవురికీ ఇయ్యొద్దు."

"ఎందుకిస్తానే? పొగ అస్సలు రాదు దీంట్లో."

ఎర్ర ముద్ర.

అయిదో రోజు. 15, శనివారం

ఈ రోజు ప్రమాదం తప్పింది. ప్రమాదం నాకు, నవ్వు రూపంలో.

డైరెక్టరు గారి గదిలో నెలవారీ సమావేశం. కిటికీ ఉన్న దక్షిణం వైపు నేల కుంగుతోందని ఆయనకు కూడా అర్థమైంది. అయితే దానికి కారణం బరువు అని తేల్చారు. కాబట్టి పదహారుమందినీ ఉత్తరం గోడకు ఆనించి ఒకే వరసలో కూర్చోబెట్టారు, త్రాసులో ఇటు తట్ట దించినట్టు. ఎవరైనా దగ్గడానికి ముందుకు వంగితే "వెనక్కి! వెనక్కి!" అని అరుస్తున్నారు. టీ సగం గ్లాసే పోయమన్నారు. అయినా సగం టీ కూడా గ్లాసులో ఏటవాలుగా నిలబడింది. స్టోర్సు ఆయన గ్లాసును అరచేతిలో తిప్పుతూ ఏ వైపు నుంచి తాగాలో వెతుకుతున్నాడు.

గుమ్మం దగ్గర నిలబడిన నాకు పొట్టలోంచి ఏదో ఎగదన్నింది. అయిదింటికి ఈ ముఖం చూపిస్తే నా మంద కొలిమిలోకే. పరుగున హుసేనమ్మ దగ్గరికి వెళ్లి పచ్చిమిరపకాయ తీసుకుని నమిలాను. ఇంకోటి నమిలాను. కిటికీ దగ్గరికి చేరేసరికి కళ్లు, ముక్కు, చెవులు అన్నీ ఎర్రగా ఉన్నాయి.

మద్దిలేటి గారు కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"ఇది కోపమా, కారమా?"

"కోపమే."

"ముక్కు కారతాంది."

"కోపం ఎక్కువయి కారతాంది చిన్నాయనా."

కాసేపు ఆలోచించాడు. నిబంధనలో ముక్కు సంగతి లేదు. ఎర్ర ముద్ర.

ఆరో రోజు. 16, ఆదివారం

ఆదివారం కిటికీ ఉండదు. గుమాస్తా ఇంటికి వెళ్లి కోపం చూపించి రావాలి. తెలివంతా అక్కడుంది. వాళ్లింట్లో జొన్నరొట్టె, గుత్తివంకాయ. ఆయన భార్య నన్ను చెయ్యి పట్టి పీట మీద కూర్చోబెట్టింది. అలా అన్నం పెట్టిన చేతుల ముందు మొహం మాడ్చుకుని కూర్చోవడం ఎంత కష్టమో మీ పై ఆఫీసు వాళ్లకు తెలియదు.

"బాగుండాదా అమ్మీ?" అంది ఆమె.

"బాగుంది," అన్నాను, పళ్లు కొరుకుతూ.

"ఈ పిల్ల ఎందుకట్లా కొరకొర చూస్తాంది?" అని భర్తను అడిగింది.

"డ్యూటీలో ఉండాది," అన్నాడు ఆయన.

ఎర్ర ముద్ర పడింది. మూడు రొట్టెలు తిన్నాను. దాచను.

అసలు సంగతి అది కాదు. వాళ్లింటికి వెళ్తూ ఆఫీసు వెనక దారి పట్టాను. తెల్లగీత అక్కడ పిల్లనెర్రకు అడ్డంగా పోతుంది. ఎనిమిదేళ్ల కింద, నేను పనిలో చేరిన వారం, దారం పట్టి గీసిన గీత అది. దారం ఒక కొస నేనే పట్టుకున్నాను. తిన్నగా ఉండేది. ఇప్పుడు పిల్లనెర్ర దగ్గరికి వచ్చి తెగిపోయింది. అవతలి ముక్క నాలుగు వేళ్ల మేర ఉత్తరానికి జరిగి ఉంది.

కిందికి దిగలేదు. మీదికి ఎక్కలేదు. పక్కకు జరిగింది!

అక్కడే నేల మీద చతికిలబడ్డాను. 88వ పేజీలో బజ్జీ కింద ఉన్న మూడో రకం ఇదే. రెండు పక్కలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ చెరోవైపు పోవడం, ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు భుజాలు రాసుకుని పోయినట్టు. నెర్ర తిన్నగా ఉన్నంతవరకూ అలా జరిగినా సందు పెరగదు. కానీ వంపు ఉందనుకోండి. జరుగుతున్న కొద్దీ వంపు దగ్గర రెండు గోడలూ దూరమై ఖాళీ నోరు తెరుచుకుంటుంది. ఆ ఖాళీలోకే వేడినీళ్లు దూకుతాయి, అక్కడే విజిలు పోతుంది, బంగారం అక్కడే పేరుకుంటుంది. మా పిల్లనెర్ర వంపు సరిగ్గా డైరెక్టరు గారి గది కింద ఉంది.

అంటే ఆఫీసు కింద నేల తనంతట తానే నోరు తెరుస్తోంది. నా చెదలు వచ్చి ఆ నోట్లో తిండి తింటున్నాయి, అంతే. వాటిని అక్కడ పోగేసింది నేను కాదు, వరండా ఆర్డరు.

సంతోషంతో అరవబోయి నోరు మూసుకున్నాను. సంతోషం కూడా చల్లారిన లెక్కలోకే వస్తుందేమోనని భయం.

ఏడో రోజు. 17, సోమవారం

డైరెక్టరు గారిని చెయ్యి పట్టుకున్నంత పని చేసి ఆఫీసు వెనక్కి తీసుకెళ్లాను. తెగిన గీత చూపించాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"గీసినవాడు తాగి గీశాడు," అన్నారు.

"దారం పట్టుకుంది నేనే సార్. తిన్నగానే గీశారు."

"అయితే నువ్వే కదిపుంటావ్."

"నేను కదపలేదు. భూమి కదిలింది."

"ఇంత గుట్ట, ఇంత బండ, కదులుతుందా? నువ్వు చూశావా కదలడం?"

"వెంట్రుకలు పెరగడం ఎవరు చూశారు సార్? మంగలి దగ్గరికి పోవట్లేదా?"

ఆయనకు వెంట్రుకలు లేవు. అది నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

గంటలో సున్నం బకెట్టుతో మనిషి వచ్చి పాత గీత చెరిపేసి కొత్తగా, తిన్నగా గీసిపోయాడు. ఎనిమిదేళ్లు నేల తన చేత్తో రాసిన సాక్ష్యం ఒక్క కుంచె వేటుకు పోయింది.

ఈ రోజు మిరపకాయ అవసరం రాలేదు. మద్దిలేటి గారు నా ముఖం చూడగానే ముద్ర వేసి, తలుపు గడియ పెట్టుకున్నాడు.

ఎనిమిదో రోజు. 18, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు నష్టమైనా సరే.

కరిగించడానికి రెండు రోజుల ముందు కాపరికి ఆర్డరు చదివి వినిపించాలట. మధ్యాహ్నం మూడింటికి నేను, సాక్షిగా మద్దిలేటి గారు డైరెక్టరు గారి గదిలో నిలబడ్డాం. ఆయన కుర్చీని బల్లకాలికి నవారుతో కట్టుకుని కూర్చున్నారు. ఆర్డరు బల్ల మీద పెట్టి, కళ్లద్దాల కోసం సొరుగు లాగారు.

సొరుగులోంచి ఏడో నంబరు వచ్చింది. పిన్నీసు కాలు టిక్కుటిక్కుమని చప్పుడు చేసుకుంటూ ఫైళ్ల మీదుగా నడిచి, ఆర్డరు దాకా వచ్చి, సరిగ్గా సంతకం కింద పువ్వు మీద నోరు తెరిచి కక్కింది. తెల్లరాయి కొంచెమే, మిగతాదంతా పసుపు.



"ఇది," అన్నారు డైరెక్టరు గారు గొంతు సవరించుకుని, "గీత బయటిది. చెత్త." ఆ మాట అంటూ దాన్ని జాగ్రత్తగా రుమాలులో మూటకట్టి జేబులో పెట్టుకున్నారు. "నువ్వు చెప్పేదంతా భ్రమ. ఈ ఆఫీసు కింద నేల రాయిలాంటి నేల. ఇది కదలదు!"

కదలదు అంటూ ఆయన బల్ల మీద గుద్దారు. నవారు తెగింది.

కుర్చీ బయల్దేరింది. ఈసారి పెద్దమనిషి తరహాగా కాదు, తొమ్మిది అంకెల్లో పోయింది. ఆయన వేలు ఎత్తి "కదలదు! కదలదు!" అంటూనే మా ముందు నుంచి జారుకుంటూ వెళ్లి, కిటికీ పరదాలో ముఖం దూర్చి ఆగారు. పరదా లోపలి నుంచి ఇంకోసారి "కదలదు," అని వినిపించింది.

నేను చెంప లోపలి కండ కొరికి పట్టుకున్నాను. మా చనిపోయిన మేకను తలుచుకున్నాను. లాభం లేకపోయింది. ఒక్క 'హి' వచ్చింది. ఒక్కటే. రెండోది మింగేశాను.

అయిదింటికి కిటికీ దగ్గర మద్దిలేటి గారు తల ఎత్తలేదు.

"నగినావు కదమ్మీ."

"ఒక్క 'హి' చిన్నాయనా."

"నేను ఇన్నా. ఇననట్టు ఎట్ల రాసేది? ముప్పై ఏండ్ల నౌకరీ నాది." కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. "నువ్వు ఒక్క అర నిమిషం మేకనే తలుసుకోనుంటే..."

నీలి ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. తడి చేయడానికి సిరాపెట్టె పక్కన పెట్టి మూత తీస్తున్నాడు. ఆ బల్ల కూడా ఒరిగే ఉందని ఇద్దరికీ గుర్తులేదు. గుండ్రటి పిడి ముద్ర దొర్లింది. బల్ల అంచు దాటింది. నేల మీద ఎగిరి, గోడ వారన నిన్ననే పడ్డ బీటలోకి దూరింది. లోపల నుంచి టక్, టక్, టక్ మని చాలాసేపు వినిపించి, ఆగింది.

ఇద్దరం వంగి బీటలోకి చూశాం.

"ఇంకోటి లేదా?" అన్నాను.

"పై ఆఫీసు నుంచి రావల్ల. మూడు నెలలు పడ్తాది." ఎర్ర ముద్ర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏదో ఒక ముద్ర లేకుండా పేజీ మూయగూడదు. ఉండేది ఇదొక్కటే."

వేశాడు. కానీ ఆయన ముఖంలో నిద్రపట్టని మనిషి ఛాయ కనిపించింది. నాకూ సంతోషం కలగలేదు.

తొమ్మిదో రోజు. 19, బుధవారం

నాలుగింటికి వరండాలో మూడు దెబ్బలు కొట్టాం. అన్నీ వచ్చాయి. అన్నిటికంటే ఆఖర్న, కుంటుకుంటూ, ఏడో నంబరు. నోట్లో రాయి లేదు. నీలి ముద్ర ఉంది.

నా కాళ్ల దగ్గర పెట్టి నా వైపు చూసింది. చూడ్డానికి దానికి కళ్లు లేవని తెలుసు. అయినా చూసింది.

ఆ ముద్ర నా కొంగున కట్టుకుంటే అడిగేవాళ్లు లేరు. ఇంకొక గంట గడిస్తే తొమ్మిదో ఎర్ర ముద్ర, నా మందకు ప్రాణం. వరండా మెట్టు మీద కూర్చుని ఏడో నంబరు పళ్లు తోమాను, పిన్నీసుకు నూనె పెట్టాను. దొరికింది తెచ్చి యజమాని ముందు పెట్టిన దాన్ని దొంగ అన్నందుకే కదా ఇన్ని పేజీలు రాశాను. ఇప్పుడు నేను దాస్తే బోర్డు మీద రాసింది నిజమైపోదూ?

తీసుకెళ్లి కిటికీలో పెట్టాను.

"నీది చిన్నాయనా. మా ఏడోది తెచ్చింది."

మద్దిలేటి గారు ముద్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. పిడి మీద పళ్ల గాట్లు. తుడిచి సిరాపెట్టె పక్కన ఎర్రదానితో జతగా పెట్టాడు. ఈసారి రెండిటికీ దారం కట్టాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు. "నిజం చెప్పు. నిన్న నగినావు. ఈ పొద్దు కోపం ఉండాదా, చల్లారిందా?"

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు తెలియలేదు. ఎనిమిది రోజులు పట్టి ఉంచిన కోపం, ముద్ర ఇచ్చేసిన తర్వాత చేతుల్లోంచి జారిపోయినట్టే ఉంది. ఒంట్లో ఒట్టి అలసట మిగిలింది. చల్లారిందేమోనని చెప్పబోయాను.

అప్పుడే ఊడ్చే మనిషి వచ్చి కిటికీ పక్కన కొత్త నోటీసు అంటించాడు. చదివాను:

"డైరెక్టరు శ్రీ చక్రపాణి గారు తన స్వీయ పరిశోధనతో, దూరదృష్టితో సరిగ్గా బంగారు నిక్షేపం మీదనే కార్యాలయాన్ని నిర్మించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కార్యాలయానికి నష్టం కలిగించిన మూడో మందను ముందు నిర్ణయించినట్టే రేపు కరిగించడమవుతుంది."

కింద పువ్వు. ఈసారి రెండు పువ్వులు.

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. హుసేనమ్మ బజ్జీల గంటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది, ఎవరో పడిపోయారనుకుని. మద్దిలేటి గారు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. నేను ఆగిన తర్వాత చెవులు వదిలి, దారం విప్పి, ఎర్ర ముద్ర తీసి, పేజీ చిరిగేలా వేశాడు.

"ముప్పై ఏండ్లలో," అన్నాడు, "తొమ్మిది పడింది ఇదే మొదలు." మజ్జిగ గ్లాసు ఇటు తోశాడు. "ఇప్పుడు తాగమ్మీ. ఇంక ఫరవాలేదు."

తాగాను. అల్లం బాగా వేశాడు.

ఇక మీరు చేయవలసినవి.

మూడో మందను కరిగించే ఆర్డరు రద్దు చేసి, దొంగమంద అన్న కాగితం ఎక్కడ అంటించారో అక్కడే, దానికంటే పెద్ద అక్షరాలతో, కాదు అని అంటించండి. తెల్లగీత చెరిపి పిల్లనెర్ర వెంట గీయండి. ఈసారి కూడా దారం నేనే పట్టుకుంటాను. ఆఫీసును అక్కడి నుంచి తీసేయండి. మీరు నీళ్ల మీద తేలేవాళ్లు కాబట్టి ఒరగడం మీకు మామూలేమో, మాకు కాదు. హుసేనమ్మ పొయ్యి జోలికి ఎవరూ రావద్దు, కావాలంటే ఆమెను అడిగి కొనుక్కోండి, ఆమె ఇవ్వదు. వీటన్నిటితోపాటు నూనె మరక లేని 88వ పేజీ ఒకటి పంపండి. నేను సరిగ్గా కనిపెట్టానో లేదో చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు వరండా ఆర్డరు. ఇంకెక్కడా గడ్డపార మోగించకూడదన్న మాట అలాగే ఉంది. దక్షిణం మూల నిన్న మూడు వేళ్లు దిగింది, ఈ రోజు అయిదు. మద్దిలేటి గారు, స్టోర్సు, టైపు గది అందరూ నా మాట విని ఇప్పుడే బల్లలతో సహా బయట రేకుల షెడ్డులోకి వచ్చేశారు. లోపల డైరెక్టరు గారు ఒక్కరే ఉన్నారు, నేల కదలదని నిరూపించడానికి. ఈసారి గొలుసుతో కట్టుకున్నారు.

రేపు వరండాలో కొట్టే దెబ్బలకు గోడ ఇంకా ఆగుతుంది, ఎల్లుండికి ఆగదు. కాబట్టి జవాబుకు గడువు 21, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలు. ఆ వేళకు గడ్డపార నా చేతిలో ఉంటుంది. మూడు దెబ్బలు కొట్టి పద్దెనిమిది వందల చెదలను పిలవడం నా ఉద్యోగం. మీరు దూరంగా పెద్దనెర్ర బండ మీద కొట్టమంటే అక్కడ కొడతాను, అన్నీ ఆఫీసు వదిలి అటే వచ్చేస్తాయి. జవాబు రాకపోతే ఉన్న ఆర్డరును అక్షరం తప్పకుండా పాటించి, వరండాలో, డైరెక్టరు గారి గది గోడ పక్కనే కొడతాను.

ఎక్కడ కొట్టాలో రాయండి.

సుంకులమ్మ
మూడో మంద కాపరి